సంజాయిషీ అడగని స్టేషన్: యిర్జీ మెంజెల్ ఊళ్లలో ఏడు రోజులు

మొదటి రోజు: ప్రాగ్, వ్లతవ ఒడ్డు

దక్షిణ మధ్య రైల్వేలో 34 ఏళ్లు పనిచేసి స్టేషన్ మాస్టరుగా పదవీ విరమణ చేసినవాడు చెక్ దేశం వెళ్తున్నాడంటే, ప్రాగ్ కోటా చార్లెస్ వంతెనా చూడడానికే వెళ్తున్నాడని ఇంట్లోవాళ్లు అనుకోవడం సహజమే. నిజానికి నన్ను అంత దూరం లాక్కెళ్లింది 1980లలో హైదరాబాదులో ఒక ఫిల్మ్ సొసైటీ వారు వేసిన నలుపు తెలుపు సినిమా. ఒక చిన్న స్టేషను, అందులో పావురాలు పెంచుకునే స్టేషన్ మాస్టరు, చిరిగిపోయిన సోఫా, టెలిగ్రాఫు బల్ల ముందు కూర్చున్న అమ్మాయి, కొత్త యూనిఫారంలో బిగుసుకుపోయి నిలబడ్డ ఒక కుర్రవాడు. సినిమా చూసిన మర్నాడు నైట్ డ్యూటీకి కాజీపేట వైపు బండెక్కుతూ, ఇది తీసినవాడు తప్పకుండా ఏ రైల్వే ఉద్యోగి కొడుకో అయి ఉంటాడని తోటివాళ్లతో పందెం కాశాను. ఆ పందెం ఓడిపోయానని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ దర్శకుడు యిర్జీ మెంజెల్. మన ఫిల్మ్ సొసైటీల కరపత్రాలలో జిరి మెంజెల్ అని అచ్చయ్యేది. చెక్కులు పలికేటప్పుడు అది ‘మెన్‌త్సల్’కు దగ్గరగా వినిపిస్తుంది. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ నేను మెంజెల్ అనే రాస్తున్నాను. ఆయన 1938 ఫిబ్రవరి 23న ప్రాగ్‌లో పుట్టాడు, 2020 సెప్టెంబర్ 5న కన్నుమూశాడు. తండ్రి యోసెఫ్ మెంజెల్ పత్రికారచయిత, పిల్లల పుస్తకాలు రాసినవాడు. కనుక రైల్వే రక్తం ఆ ఇంట్లో లేదు. అది వేరే ఇంట్లో ఉంది, ఆ ఇంటికి నాలుగో రోజు వెళ్లాను.

మా మేనల్లుడు ప్రాగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాడు. విమానాశ్రయం నుంచి ఇంటికి చేరి స్నానం చేయగానే, “మామయ్యా, ముందు ఏం చూస్తారు?” అని అడిగాడు. సినిమా బడి చూస్తానన్నాను. నేషనల్ థియేటర్‌కు ఎదురుగా నది ఒడ్డున లజాన్‌స్కీ భవనం ఉంది. కింది అంతస్తులో స్లావియా అనే పాత కాఫీ హోటలు, పైన 1946లో మొదలైన ఫాము సినిమా కళాశాల. మెంజెల్ 1957లో ఇక్కడ చేరాడు. ఆయన మనసంతా నాటకం మీదే ఉండేది. నాటక కళాశాలలో చోటు దొరక్క సినిమా వైపు వచ్చాడు. గురువు ఒతకర్ వావ్రా. ఆ ఒక్క తరగతిలోనే వెరా ఖితిలోవా, ఎవల్ద్ షోర్మ్, యాన్ ష్మిత్ కూడా కూర్చున్నారు. పదేళ్లు తిరగకముందే ప్రపంచం చెక్ నవ తరంగం అని పేరు పెట్టి పిలిచిన సినిమాలో సగం ఆ బెంచీల మీదే మొదలైంది.

స్లావియాలో కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగుతుంటే ట్రాములు మా టేబుల్‌కు చేయి చాస్తే అందేంత దగ్గరగా వెళ్తున్నాయి. పైనుంచి దిగివచ్చిన ముగ్గురు విద్యార్థులు ట్రైపాడ్‌ను గోడకు ఆనించి ఒక్క కాఫీని ముగ్గురూ పంచుకున్నారు. మా వాడికి అది మామూలు సంగతి. నేను మాత్రం వాళ్లు లేచి వెళ్లేదాకా చూస్తూనే ఉన్నాను.

రెండో రోజు: ప్రాగ్ వీధులు

పొద్దున్నే నాకు జరిమానా పడింది. ఇక్కడ ట్రాము టికెట్ కొనడంతో పని అయిపోదు, ఎక్కగానే చిన్న యంత్రంలో పెట్టి దాని మీద తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. జీవితమంతా ఇతరుల టికెట్లు చూసినవాణ్ణి, ముద్రలు వేసినవాణ్ణి, నా టికెట్ మీద ముద్ర లేదు. తనిఖీ అధికారి మర్యాదగానే రసీదు రాసి చేతిలో పెట్టాడు. నేను వెతుక్కుంటూ వచ్చిన సినిమాలో కథంతా ముద్రల మీదే మలుపు తిరుగుతుంది కనుక, ఈ అవమానాన్ని యాత్రా ఖర్చు కిందే రాసుకున్నాను.

వెన్సెస్లాస్ కూడలికి దగ్గరలో వె స్మెచ్కాఖ్ అనే వీధిలో చినోహెర్నీ క్లబ్ అనే చిన్న నాటకశాల ఉంది. 1965లో మొదలైన ఈ నాటకశాలలో తొలి రోజుల్లోనే మెంజెల్ మాకియవెల్లి ‘మాంద్రగోలా’ నాటకానికి దర్శకత్వం వహించాడు. సినిమాలు ఆగిపోయిన రోజుల్లో నాటకరంగమే ఆయనకు ఆసరా అయింది. ఆయన నటుడు కూడా. తన సినిమాలలో చిన్న వేషాలు వేసుకోవడమే కాక ఇతరుల సినిమాలలోనూ నటించాడు. 2018లో వచ్చిన ‘ద ఇంటర్‌ప్రెటర్’ అనే స్లోవాక్ సినిమాలో ఒక ముఖ్య పాత్ర ఆయనదే.

అదే 1965లో రచయిత బొహుమిల్ హ్రబల్ కథల ఆధారంగా ఐదుగురు యువ దర్శకులు తలా ఒక భాగం తీసి, ‘అడుగున ముత్యాలు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక సంకలన చిత్రం రూపొందించారు. మెంజెల్ భాగంలో ఒక కుటుంబం పాత కారెక్కి మోటార్ సైకిళ్ల పందెం చూడడానికి బయల్దేరుతుంది, ఆ పందెంలోనే ఒక చావు కూడా ఎదురవుతుంది. నవ్వుకూ చావుకూ మధ్య ఒక్క సీటు దూరం కూడా ఉంచని ఈ పద్ధతి ఆయన తుదిదాకా వదల్లేదు. హ్రబల్‌తో స్నేహం మొదలైంది కూడా ఇక్కడే. ఆ స్నేహమే ఆయన వృత్తిజీవితానికి వెన్నెముక.

మధ్యాహ్నం హోటల్ పారీజ్ ముందు కాసేపు ఆగాము. హ్రబల్ నవల ‘ఇంగ్లండు రాజుకు వడ్డించినవాణ్ణి’లో కథానాయకుడైన పొట్టి వెయిటర్ పనిచేసే హోటళ్లలో ఇదొకటి. ఈ నవలను సినిమాగా తీయాలని మెంజెల్ ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. హక్కులు చేతులు మారి వివాదాల్లో చిక్కుకున్నాయి. 1998లో కార్లోవీ వారీ చిత్రోత్సవంలో, ఆ హక్కులు పరులకు అమ్మిన నిర్మాతను జనం చూస్తుండగానే బెత్తంతో కొట్టాడు. సినిమా చివరికి ఆయన చేతికే వచ్చి 2006లో పూర్తయింది, 2007లో బెర్లిన్‌లో విమర్శకుల సమాఖ్య బహుమతి పొందింది. బెత్తం సంగతి విని మా మేనల్లుడు పగలబడి నవ్వాడు. అంత మెత్తని సినిమాలు తీసినవాడి చేతిలో బెత్తం ఊహించుకోవడం నాకు ఇప్పటికీ కష్టమే.

సాయంత్రం హుసోవా వీధిలోని ‘బంగారు పులి’ అనే బీరు దుకాణంలో నిలబడడానికి మాత్రం చోటు దొరికింది. ఇది హ్రబల్ రోజూ కూర్చున్న చోటు. 1994 జనవరిలో చెక్ అధ్యక్షుడు వాత్స్లావ్ హావెల్, అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ను వెంటబెట్టుకుని ఇక్కడికే తీసుకొచ్చి హ్రబల్ పక్కన కూర్చోబెట్టాడు. బల్ల మీద ఒక కాగితం ముక్క పెట్టి, గ్లాసు గ్లాసుకూ వెయిటరు పెన్సిలుతో ఒక గీత గీసి వెళ్తాడు. లెక్క అంతా ఆ గీతలే. నా కాగితం మీద ఒక్క గీతే పడింది.

మూడో రోజు: లొద్యెనిత్సె

స్మీఖొవ్ స్టేషన్ నుంచి రూద్నా మీదుగా బెరౌన్ వెళ్లే లోకల్ ఎక్కాము. ప్రాగ్ పొలిమేర దాటకముందే బండి సున్నపురాయి గుట్టల మధ్య ఒక సన్నని లోయలోకి దూరుతుంది. లోయ దాటాక మే నెల పొలాలు. ఆవ జాతి నూనెగింజల పంట పూతకు వచ్చి, మైళ్ల కొద్దీ పసుపు తప్ప మరో రంగు కనిపించదు. బండి చిన్నది, దారి ఒంటి లైను. ఒంటి లైను మీద డ్యూటీ చేసినవాడికి కిటికీలోంచి పొలాల కన్నా పాయింట్లూ సిగ్నళ్లూ ముందు కనిపిస్తాయి.

లొద్యెనిత్సెలో మేము తప్ప ఎవరూ దిగలేదు. ఆ స్టేషను తెర మీద చూసినదాని కన్నా చిన్నదిగా అనిపించింది. 1966లో వచ్చిన ‘ఓస్త్రె స్లెదొవనే వ్లకి’ సినిమాలో స్టేషను ఇదే. ‘గట్టి నిఘాలో ఉన్న రైళ్లు’ అని దాని అర్థం. మన ఫిల్మ్ సొసైటీలలో ‘క్లోజ్లీ వాచ్డ్ ట్రైన్స్’ అంటేనే తెలుస్తుంది. కథ రెండో ప్రపంచ యుద్ధకాలంలోది: జర్మన్ సైన్యానికి సరుకు మోసే బండ్లను దారిలో ఎక్కడా ఆపకూడదు, వాటికి ఎప్పుడూ లైను సిద్ధంగా ఉండాలి. నిఘా అన్న మాటకు మూలం అదే.

ఈ కథను సినిమా తీయమని ముందు షోర్మ్‌నూ ఖితిలోవానూ అడిగారు, ఇద్దరూ కాదన్నారు. అలా అది 28 ఏళ్ల మెంజెల్ దగ్గరికి వచ్చింది. హ్రబల్‌తో కలిసి చిత్రానువాదం రాశాడు. పుస్తకంలో కాలం ముందుకూ వెనక్కూ దూకుతుంటే మెంజెల్ దాన్ని సూటిగా, టైమ్ టేబుల్ ప్రకారం నడిచే బండిలాగా పట్టాలెక్కించాడు. కథానాయకుడు మిలోష్ హ్ర్మ వేషానికి వాత్స్లావ్ నెత్స్కార్జ్ అనే పాటగాణ్ణి తీసుకున్నాడు.

మిలోష్ వంశం గురించి మొదటి రెండు నిమిషాల్లోనే చెప్పేస్తాడు. తాత హిప్నాటిస్టు. చొచ్చుకొస్తున్న జర్మన్ ట్యాంకులను చూపుతోనే వెనక్కి పంపబోయి వాటి కింద పడి చచ్చిపోయాడు. తండ్రి ఇంజిన్ డ్రైవరు, 48 ఏళ్లకే పెన్షన్ పుచ్చుకుని అప్పటినుంచీ సోఫా మీద పడుకున్నాడు. తల్లి కొడుకు తల మీద రైల్వే టోపీ పెట్టేటప్పుడు రాజ్యాభిషేకం చేస్తున్నట్టే రెండు చేతులతో పెడుతుంది. నేను ఉద్యోగంలో చేరిన రోజు మా అమ్మ టోపీ తీసుకెళ్లి దేవుడి పటాల ముందు పెట్టింది. అందుకే ఆ దృశ్యం వచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ కుర్రవాడికి ఉద్యోగం కన్నా పెద్ద సమస్య మగతనం గురించిన దిగులు. దానికి సలహా ఇచ్చే డాక్టరు వేషంలో మెంజెలే కనిపిస్తాడు: ఆ సమయంలో మనసు వేరే దాని మీద, ఫుట్‌బాల్ మీద పెట్టమంటాడు. నోటిలో నవ్వు దాచుకుంటున్న ముఖంతో కాదు, మందు చీటీ రాస్తున్న ముఖంతో.

స్టేషన్ వారికి మాత్రమే పూర్తిగా అర్థమయ్యే భాగం మరొకటి ఉంది. డ్యూటీలో ఉన్న హుబిచ్కా అనే స్టేషన్ ఉద్యోగి రాత్రిపూట టెలిగ్రాఫు అమ్మాయి తొడల మీద, పిరుదుల మీద స్టేషన్ ముద్రలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేస్తాడు. తల్లి ఆ ముద్రలు చూసి అధికారుల దాకా వెళ్తుంది, విచారణ కూర్చుంటుంది. అక్కడ తేలిన నేరం అమ్మాయి మర్యాద గురించి కాదు: అధికార ముద్రల మీద ఉన్న జర్మన్ భాషకు అపచారం జరిగిందని. మా వైపు దీన్ని క్రమశిక్షణ నియమాల కింద ఛార్జిషీట్ అంటాము. విచారణాధికారి ముఖం, సాక్షి చెప్పిన మాటను రాతలో మరో మాటగా మార్చే గుమాస్తా, ఎదురుగా బల్ల మీద సాక్ష్యంగా పెట్టిన రబ్బరు ముద్రలు, ఇవన్నీ నాకు తెలిసినవే. నేను కూడా ఒకసారి సంజాయిషీ రాసుకున్నవాణ్ణి. అది ఒక గూడ్సు బండిని లూప్ లైనులో ఎక్కువ సేపు నిలిపినందుకు. ముద్రలకు సంబంధించినది కాదని మనవి.

అంతా నవ్వుల మధ్యే నడుస్తూ నడుస్తూ చివరి పది నిమిషాల్లో మిలోష్ సిగ్నల్ స్తంభం ఎక్కి, మందుగుండు బండి మీదికి పేలుడు పదార్థం జారవిడిచి, తూటా దెబ్బకు అదే బండి మీద పడిపోతాడు. బండి వంపు తిరిగాక పేలుతుంది. ఆ గాలికి ఒక టోపీ ప్లాట్‌ఫారం మీద దొర్లుకుంటూ వస్తుంది.

మేము ఆ ప్లాట్‌ఫారం మీదే గంటన్నర కూర్చున్నాము. మా వాడు ఫోనులో ఆ చివరి దృశ్యం పెట్టి, తెర మీది పైకప్పునూ ఎదుట ఉన్నదాన్నీ పోల్చి చూశాడు. బెరౌన్ వైపు బండి వచ్చింది, ఇద్దరు పిల్లలు సైకిళ్లతో దిగారు. అలవాటు చొప్పున నేను లేచి నిలబడి, ఆఖరి పెట్టె వెనక దీపం ఉందా లేదా అని చూశాను. ఉంది.

నాలుగో రోజు: నింబుర్క్, కెర్స్కొ

రైల్వే రక్తం ఎవరిదో ఈ రోజు లెక్క తేలింది. ప్రాగ్ నుంచి లీసా మీదుగా నింబుర్క్ వెళ్లే దారిలో కొస్తొమ్లాతి అనే స్టేషను వస్తుంది. యుద్ధకాలంలో హ్రబల్ అక్కడ బండ్లు పంపే ఉద్యోగం చేశాడు. అప్పటికి ఆయన న్యాయశాస్త్ర విద్యార్థి. జర్మన్లు విశ్వవిద్యాలయాలు మూసేయడం వల్ల రైల్వేకు వచ్చాడు. బండి అక్కడ నిమిషం కూడా ఆగలేదు, నేను కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూశాను.

నింబుర్క్‌లో హ్రబల్ మారుతండ్రి ఫ్రాన్సిన్ బీరు కర్మాగారానికి మేనేజరు. హ్రబల్ బాల్యం చాలావరకు ఆ కర్మాగారం ఆవరణలోనే గడిచింది. ఆ గోడ మీద ఆయన పేర ఒక ఫలకం ఉంది, కానీ తలెత్తి వెతికితే కనిపించదు. నాకు ఫలకం పెడితే కుక్కలు కాలెత్తే ఎత్తులో పెట్టండని ఆయన అన్నాడట. ఊరివాళ్లు అక్షరాలా ఆ మాట పాటించి నేలకు ఆనించినట్టే బిగించారు. మేము దాన్ని చదవడానికి గొంతుక్కూర్చోవలసి వచ్చింది. ఒక ముసలాయన కుక్కను నడిపించుకుంటూ వచ్చి, మేము లేచేదాకా మర్యాదగా ఆగాడు.

అక్కడి నుంచి కెర్స్కొ అడవికి వెళ్లాము. పైన్ చెట్ల మధ్య చిన్న చిన్న విడిది ఇళ్లు. హ్రబల్ ఇక్కడ ఒక కుటీరం కొనుక్కుని పిల్లులకు పాలు పోస్తూ, టైపు మిషను ముందు కూర్చుని రాసుకున్నాడు. 1968 ఆగస్టులో సోవియట్ కూటమి ట్యాంకులు దేశంలోకి వచ్చాక, 1970 నుంచి ఆయన పుస్తకాలు అచ్చు కాలేదు. 1975లో తన పాత తీరుకు విచారం తెలిపినట్టు ఒక పత్రికలో ఇంటర్వ్యూ వచ్చాకే, అదీ కత్తిరింపులతో, ప్రచురణ మళ్లీ మొదలైంది. కొందరు యువకులు అందుకు కోపగించారు. చేతకానితనమన్నారు. ఇంట్లో కూర్చుని అలా అనడం సులువు.

ఈ అడవిలోనే మెంజెల్ 1983లో ‘మంచుపూల పండుగ’ తీశాడు. వేటగాళ్లు తరుముతున్న ఒక అడవిపంది బడిలోకి దూరి పిల్లల తరగతిలో చస్తుంది, ఇక రెండు ఊళ్లవాళ్లు ఆ పంది మాదంటే మాదని, దాన్ని క్యాబేజీతో వండాలా గులాబీకాయల పులుసుతో వండాలా అని తగవుపడతారు. సినిమాలో కనిపించే హాయెన్కా హోటలు ఇప్పటికీ ఉంది, పంది మాంసం రెండు రకాలుగానూ వడ్డిస్తారు. నేను శాకాహారిని. మా వాడు రెండు పళ్లేలూ తెప్పించి, “పులుసుదే బాగుంది మామయ్యా,” అని తీర్పు చెప్పాడు.

దగ్గరలోని హ్రదిష్త్కొ శ్మశానంలో హ్రబల్ సమాధి ఉంది. 1997 ఫిబ్రవరిలో ప్రాగ్‌లోని ఆస్పత్రి ఐదో అంతస్తు కిటికీ నుంచి, పావురాలకు మేత వేస్తూ పడిపోయాడని చెప్పుకుంటారు. సమాధి చుట్టూ వచ్చినవాళ్లు పెట్టిపోయిన చిన్న చిన్న పిల్లి బొమ్మలు.

ఐదో రోజు: క్లద్నొ

వాన. ప్రాగ్‌కు వాయవ్యంగా ఉన్న ఈ ఉక్కు పట్టణానికి గంట లోపు ప్రయాణం. 1889లో కార్ల్ విత్‌గెన్‌స్టైన్ స్థాపించిన పోల్ది కర్మాగారానికి ఆయన భార్య లియోపోల్దిన్ ముద్దుపేరు పెట్టారు. ఆడమనిషి తల, నుదుటి ముందు ఒక నక్షత్రం, అదే ఉక్కు మీద పడే ముద్ర. తత్త్వవేత్త లుద్విగ్ విత్‌గెన్‌స్టైన్ వారి కొడుకే. అంటే ఒక తల్లి ముఖం యూరప్ అంతటా కత్తుల మీదా రంపాల మీదా తిరిగింది.

కమ్యూనిస్టు పాలన వచ్చిన తొలి ఏళ్లలో ఈ కర్మాగారంలో హ్రబల్ కూలిగా పనిచేశాడు. ఆ అనుభవాల కథల నుంచి మెంజెల్ 1969లో ‘తీగ మీద భరతపక్షులు’ తీశాడు. ఒక తుక్కు ఇనుప దిబ్బ మీద ప్రొఫెసరు, ప్రాసిక్యూటరు, సాక్సోఫోన్ వాద్యకారుడు, పాలవ్యాపారి, వంటవాడు, ‘బూర్జువాలు’ అన్న నేరం మీద పునర్విద్య కోసం చేరి ఉంటారు. కంచె అవతల, దేశం దాటబోయి పట్టుబడిన ఆడఖైదీలు. వంటవాడూ ఒక ఖైదీ అమ్మాయీ ప్రేమలో పడతారు. కరిగించడానికి టైపు మిషన్ల గుట్టలు వస్తాయి, సిలువలు వస్తాయి. ప్రొఫెసరు ఒక ప్రశ్న అడిగినందుకు మాయమైపోతాడు. సినిమా తీస్తున్న నాటికి 1968 ఆగస్టు ట్యాంకులు అప్పటికే దేశంలో ఉన్నాయి. అది పూర్తయ్యేసరికి తెర మీదికి రాకుండా నేలమాళిగ అలమరలోకి వెళ్లింది.

ఇక్కడొక సంగతి వివరంగా చెప్పుకోవాలి. 1968 ఏప్రిల్‌లో ‘గట్టి నిఘాలో ఉన్న రైళ్లు’కు ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ఆ వేసవిలోనే ‘చపలమైన వేసవి’ అనే మరో సినిమాకు కార్లోవీ వారీలో ప్రధాన బహుమతి వచ్చింది. అందులో తాడు మీద నడిచే గారడీవాడి వేషం తానే వేసుకున్నాడు. మెంజెల్‌కు అప్పుడు 30 ఏళ్లు, చేతిలో ఆస్కార్. మిలోష్ ఫోర్మన్, ఇవాన్ పాసర్ వంటివాళ్లు అమెరికాలో ఉండిపోయారు. మెంజెల్ ఉండిపోలేదు, తిరిగి వచ్చాడు. వచ్చి ఐదేళ్లు సినిమా లేకుండా కూర్చున్నాడు. ‘భరతపక్షులు’ విడుదల కావడానికి 1990 రావలసి వచ్చింది. ఆ ఏడాదే బెర్లిన్‌లో బంగారు ఎలుగుబంటి బహుమతి పంచుకుంది. 21 ఏళ్లు డబ్బాలో ఉన్న రీలు తెరిచి వేస్తే పండుగ అయింది.

వానలో తుప్పు పట్టిన గేట్ల దగ్గర పావుగంట నిలబడ్డాను. మా వాడు గొడుగు పట్టుకుని, “ఆయన వెళ్లిపోయి ఉంటే బాగుండేదా మామయ్యా?” అని అడిగాడు. వాడు ఆరేళ్ల కిందట హైదరాబాదు వదిలినవాడు. నేను జవాబు చెప్పలేదు. గొడుగు వాడి తల మీద కన్నా నా తల మీదే ఎక్కువగా ఉంది, దాన్ని కాస్త వాడి వైపు నెట్టాను.

ఆరో రోజు: క్ర్షెచోవిత్సె

శనివారం కనుక మా వాడు కారు తీశాడు. ప్రాగ్‌కు దక్షిణంగా కొండలూ చెరువులూ, వాటి మధ్య క్ర్షెచోవిత్సె. స్వరకర్త యోసెఫ్ సుక్ పుట్టిన ఊరు ఇది. అయినా చెక్కులలో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది దీన్ని ‘నా చిట్టి కేంద్ర గ్రామం’ తీసిన ఊరుగానే చెబుతారు. జ్దెన్యెక్ స్వెరాక్ రాసిన కథ, 1985. అది కూడా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

సహకార వ్యవసాయ క్షేత్రంలో లావుపాటి లారీ డ్రైవరు పావెక్, అతని వెనక అడుగులో అడుగు వేస్తూ నడిచే పొడుగాటి అమాయకుడు ఓతిక్. తెర తెరవగానే ఆ నడక కనిపిస్తుంది. ఒక్క మాట లేకుండానే ఇద్దరి సంబంధం తెలిసిపోతుంది. ఓతిక్ వేషం వేసినవాడు హంగరీ నటుడు, పావెక్ స్లోవాక్. ఓతిక్ ఇల్లు వారాంతపు విడిదిగా కావాలని ప్రాగ్ పెద్దమనిషి ఒకడు కన్నేస్తాడు, అందుకోసం ఓతిక్‌ను ప్రాగ్‌కు పంపించేస్తారు. కథ అంతే. కానీ ఊళ్లోని డాక్టరు ప్రకృతి అందానికి పరవశించి కారు గుంటల్లోకి పోనివ్వడం, పావెక్ తన బీరును సెల్లారు మెట్లలో సరిగ్గా ఏడో మెట్టు మీదే ఉంచమనడం వంటివి సినిమా అయిపోయాక కూడా మనిషిని వదలవు. ఏడో మెట్టుకు పైన వెచ్చగా, కింద మరీ చల్లగా ఉంటుందట.

నాకు ఈ సినిమా ‘రైళ్లు’ అంత పెద్దదిగా ఎప్పుడూ అనిపించలేదు. ఎవరినీ నొప్పించకుండా జాగ్రత్తపడినట్టు ఉంటుంది. ఊరంతా తిరిగాక కొంచెం మెత్తబడ్డాను. ఒక ఇంటి ముందు ఇద్దరు మనుషులు నిచ్చెన మోసుకెళ్తున్నారు. ముందున్నవాడు ఆగితే వెనకున్నవాడు ఆగుతున్నాడు, చెప్పించుకోకుండానే. మా వాడు వాళ్లను చూసి నన్ను మోచేత్తో పొడిచాడు.

రాత్రికి త్ర్షెబీచ్ చేరాము. పాత యూదుల పేట, బసిలికా ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. చీకటిలో ఒక చుట్టు తిరిగి పడుకున్నాము.

ఏడో రోజు: దలెషిత్సె

ఈ ఊరి కోసమే మొత్తం ప్రయాణాన్ని ఇలా అమర్చుకున్నాను. యిహ్లవా నది మీద రాళ్లూ మట్టీ పోసి కట్టిన 100 మీటర్ల ఎత్తు ఆనకట్ట ఇక్కడ ఉంది. 1970లలో పని నడిచింది. కొంచెం దూరంలో దుకొవనీ అణువిద్యుత్ కేంద్రపు చల్లార్చే గోపురాలు ఆవిరి వదులుతూ కనిపిస్తాయి. నాగార్జునసాగర్ చూసిన కళ్లకు ఆనకట్ట కొత్త కాదు. నేను చూడదలచింది అది కాదు.

ఐదేళ్ల నిషేధం తర్వాత, 1974లో మెంజెల్‌కు దొరికిన సినిమా ‘బంగారు అడుగును వెతికేవాడు’. సైన్యం నుంచి తిరిగొచ్చి ఈ ఆనకట్ట పనిలో లారీ డ్రైవరుగా చేరిన యువకుడి కథ. శ్రమను మెచ్చుకునే సినిమా, ప్రభుత్వం కోరుకునే సినిమా. ఒక రకంగా అది ఆయన సంజాయిషీ. దాన్ని గొప్పదని ఎవరూ అనరు, ఆయనా అనుకోలేదు. కానీ ఆ కాగితం దాఖలైన తర్వాతే ఫైలు కదిలింది. 1976లో ‘అడవి పక్కన ఏకాంతం’ వచ్చింది. 1980లో ఆయన మళ్లీ హ్రబల్ కథతో ‘పొస్త్ర్షిజిని’ తీయడానికి, నింబుర్క్ బీరు కర్మాగారానికి బదులుగా ఎంచుకున్నది ఈ దలెషిత్సె ఊళ్లోని పాత కర్మాగారాన్ని. ఆనకట్ట పైన నిలబడి అటు చూస్తే సంజాయిషీ, కారులో కాసేపు వెళితే నవ్వు. ఆరేళ్ల తేడాతో ఆయన ఒకే పరిసరానికి రెండుసార్లు వచ్చాడు.

కర్మాగారం 2002లో మళ్లీ తెరిచారు. లోపల పాత రాగి కడాయిలు, ఒక మ్యూజియం, ఆవరణలో బల్లలు. హ్రబల్ తల్లి మరిష్కా కథ ఇది. నడుము దాటిన జుట్టు, సైకిలు తొక్కుతుంటే ఊరంతా ఆగి చూసే జుట్టు. ఊళ్లోకి రేడియో వస్తుంది, దూరాలన్నీ చిన్నవైపోతాయి, ఇక అన్నీ పొట్టి చేయాలని ఆమె పరికిణీ కత్తిరిస్తుంది, కుక్క తోక కత్తిరిస్తుంది, చివరికి జుట్టు కత్తిరించుకుని వస్తుంది. తలుపు దగ్గర నిలబడ్డ భర్త ముఖం మీద మొదట కోపం కూడా రాదు, అర్థం కాకపోవడమే ఉంటుంది. మరిష్కా వేషం వేసిన మగ్ద వాషార్యోవా మాంసపు ముక్కను, బీరు నురుగును ఆస్వాదించే తీరు చూస్తే శాకాహారికి కూడా ఆకలి వేస్తుంది.

బల్ల దగ్గర కూర్చున్నాక మా వాడు అడిగాడు: “మామయ్యా, ఆ పేరును తెలుగులో ఏమంటాం?” పొస్త్ర్షిజిని అంటే పిల్లవాడికి మొదటిసారి జుట్టు తీయించే పాత స్లావ్ జాతుల వేడుక. “పుట్టువెంట్రుకలు,” అన్నాను. వాడు ఒక్క క్షణం ఆలోచించి, “నావి తిరుపతిలో తీయించారు కదా,” అన్నాడు. అవును, నా ఒళ్లోనే కూర్చోబెట్టి తీయించాము, వాడు ఆపకుండా ఏడ్చాడు. ఆ మాట చెబితే పక్క బల్లవాళ్లు చూసేంత గట్టిగా నవ్వాడు.

మెంజెల్‌కు మన దేశంతో ఉన్న బంధం గురించి కూడా అక్కడే మాట్లాడుకున్నాము. మన దర్శకుడు శివేంద్ర సింగ్ దుంగర్‌పూర్ ఆయనను వెతుక్కుంటూ ఏళ్ల తరబడి చెక్, స్లోవాక్ దేశాలు తిరిగి, నవ తరంగం మీద ఏడు గంటలకు పైగా సాగే డాక్యుమెంటరీ తీశాడు. 2018లో అది వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు తిరువనంతపురంలో జరిగిన కేరళ అంతర్జాతీయ చిత్రోత్సవం మెంజెల్‌కు జీవితసాఫల్య పురస్కారం ఇచ్చింది. అప్పటికి నేనింకా ఉద్యోగంలో ఉన్నాను. సెలవు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఒక్క మంచి కారణమూ దొరకడం లేదు.

వెయిటరు అమ్మాయి గ్లాసు తెచ్చిపెట్టింది. ఈ దేశంలో కారు నడిపేవాడు చుక్క కూడా ముట్టకూడదు కనుక మా వాడు కోఫోలా అనే ఇక్కడి కూల్‌డ్రింకు తెప్పించుకున్నాడు. నేను గ్లాసు చుట్టూ చేయి వేసి కాసేపు అలాగే ఉంచాను.

“ఎలా ఉంది మామయ్యా?”

“ఏడో మెట్టుదేరా.”